చెదలు తినని పుస్తకం

కిటికీ పక్క సీటు మావయ్యకే ఇచ్చాను. ఎప్పుడూ అంతే, బస్సయినా రైలయినా విందు భోజనమయినా మంచి చోటు ఆయనది, ముప్ఫై ఆరేళ్ళుగా ఇంటిల్లిపాదికీ తెలిసిన సంగతే, ఆయన కూడా దర్జాగా కూర్చుంటాడే తప్ప మొహమాటానికైనా వద్దనడు. ఇవాళ మాత్రం మెట్టెక్కి, కమ్మీ పట్టుకుని, సీటు కేసి చూసి, నా కేసి చూసి, "నువ్వు కూర్చో అమ్మడూ" అన్నాడు. ఎనభై రెండేళ్ళ మనిషి ఉన్నట్టుండి మర్యాదలు మొదలుపెడితే ఒంట్లో ఎక్కడో తేడా చేసిందనే కదా అనుకుంటాం. "నీ సీటు నాకెందుకు మావయ్యా" అని తోసినంత పని చేసి కూర్చోబెట్టాను. కోటు వెనక భాగం నలగకుండా రెండు చేతులతో సర్దుకుని మరీ కూర్చున్నాడు. దర్జీ బుద్ధి ఎక్కడికి పోతుంది, షాపు మూసి పన్నెండేళ్ళయినా ఎదుటి మనిషి మొహం కంటే ముందు భుజం కుట్టు చూస్తాడు. నా ఒళ్ళో సంచి ఉంది, సంచిలో రబ్బరుబ్యాండు వేసి చుట్టిన పెద్ద కాగితం ఉంది. పదకొండింటికి యూనివర్సిటీ వరండా గోడ మీద కప్పిన గుడ్డ తీస్తారు. గడిచిన ముప్ఫై ఐదేళ్ళ అడ్మిషన్ జాబితాలు, ఎవరికెన్ని మార్కులొచ్చాయి, ఎవరికి సిఫార్సు ఉంది, అన్నీ నిన్న సాయంత్రమే అంటించేశాం. మొదటి చోటు మాత్రం ఖాళీగా వదిలి వచ్చాను. అక్కడ ఉండాల్సిన ముప్ఫై ఆరో కాగితమే ఈ చుట్ట, నాకు సీటొచ్చిన ఏడాది. దీన్ని అంటిస్తే నా పక్కనున్న ఈ పెద్దమనిషి ఇన్నేళ్ళుగా చెప్పుకుంటూ వస్తున్న మాట అబద్ధమని చదువొచ్చిన ప్రతివాళ్ళకీ తెలిసిపోతుంది. అంటించకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. ఇంకా గంట టైముంది, అందులో నలభై నిమిషాలు ఈ బస్సులోనే గడవాలి.

ఆ మాట ఏమిటంటే, నాకు సీటు ఇప్పించింది తనేనని. మా ఇంట్లో పిల్లలకి ఎక్కాల కంటే ముందు ఈ కథే వస్తుంది. అప్పట్లో అడ్మిషన్లు చూసే ప్రొఫెసరు కోటు ట్రయల్‌కి మావయ్య షాపుకి వచ్చాడట. మావయ్య నోట్లో గుండుసూదులు, చేతిలో సుద్దముక్క. చంక దగ్గర గుడ్డ పట్టుకుని, "అయ్యా, మా మేనకోడలు మీ పరీక్ష రాస్తోంది, కాస్త కనిపెట్టి ఉండండి" అన్నాడట. ప్రొఫెసరు అద్దంలోంచే చూసి, "నీ మేనకోడలా, అయితే సీటు దానిదే పో" అన్నాడట. చెప్పినప్పుడల్లా ప్రొఫెసరు కాస్త లావెక్కుతాడు, కోటు గుడ్డ ఖరీదు పెరుగుతుంది, మావయ్య గొంతు తగ్గుతుంది, అడగందే అమ్మైనా పెట్టదు అనే ముక్తాయింపు మాత్రం మారదు. మా అమ్మాయి పదేళ్ళప్పుడు ఒకసారి, నోట్లో గుండుసూదులుంటే మాటెలా వచ్చింది తాతయ్యా అనడిగింది. దర్జీలకి వస్తుందిలే అన్నాడు. నా పెళ్ళిలో చెప్పాడు, నాకు ఉద్యోగం వచ్చినప్పుడు చెప్పాడు, మా ఆయన ఆఫీసు స్నేహితులకి చెప్పాడు, ఆస్పత్రిలో తనకి సెలైన్ ఎక్కిస్తుంటే నర్సుకి చెప్పాడు. నేను ప్రతిసారీ లేచి మంచినీళ్ళు అందించాను, మావయ్య లేకపోతే నేనెక్కడ అని కూడా అన్నాను, అబద్ధం కాదు, అలాగే నమ్మాను. నమ్మడమంటే పైపైన కాదు, అన్నం ముందు కూర్చున్నప్పుడు కూడా గుర్తొచ్చేంత నమ్మాను.

ఎందుకంటే ఒకరికి ఇప్పించారంటే ఇంకొకరికి తప్పించినట్టే. సీట్లు నలభై, నలభై ఒకటి కావు. నేను కూర్చున్న బల్ల మీద కూర్చోవలసిన మనిషి ఎవరో ఒకరు ఉండి తీరాలి. ఆవిడకి నేనొక మొహం కూడా ఇచ్చేశాను, కోలమొహం, పైకి ఎగదువ్విన జుట్టు, ఏ మాటకీ గబుక్కున నవ్వని మనిషి. ఏటా ఆవిడకీ ఒక ఏడు పెంచేదాన్ని. నాకు కళ్ళజోడొచ్చినప్పుడు ఆవిడకీ పెట్టాను. రైల్వే కౌంటర్లో నా వయసు ఆడమనిషి టికెట్లిస్తుంటే ఈవిడేనేమో అనిపించేది. మందుల షాపులో, పోస్టాఫీసులో, బ్యాంకు క్యూలో ఆవిడే. ఒకసారి చెప్పుల షాపులో ఒకావిడ నా కాలికి చెప్పు తొడుగుతుంటే ఉండబట్టలేక, మీరేం చదువుకున్నారండీ అని అడిగాను. ఆవిడ తలెత్తి, "చెప్పు బాగోలేదా?" అంది. రెండు జతలు కొనుక్కొచ్చాను. ఇంట్లో ఆ రెండో జత ఇప్పటికీ డబ్బాలోనే ఉంది, మా ఆయన దాన్ని నీ పాపపరిహారం అంటాడు. ఆయన పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు చేస్తాడు. పన్ను పీకాక నాలుక ఆ సందులోకే పోతుంటుంది, నీదీ అంతే, అంటాడు. ఆయనకి అన్నీ పళ్ళతోనే అర్థమవుతాయి, కానీ చాలామట్టుకు సరిగ్గానే అర్థమవుతాయి.

అంత భయమున్నదాన్ని పోయి పోయి అడ్మిషన్ సెక్షన్లోనే గుమస్తాగా చేరాను, అదీ తమాషా. చేరిన మొదటి నెలలో అప్పటి హెడ్డు, అందరం గురువుగారు అనేవాళ్ళం, జాబితా పుస్తకం తెరిచి కొన్ని పేర్ల పక్కనున్న ఆకుపచ్చ చుక్కలు చూపించాడు. "ఇవి చెప్పుడు చుక్కలు తల్లీ. పెద్దవాళ్ళెవరైనా మాట చెప్పినవి. వీళ్ళ కాగితాలు అడుగున పడెయ్యకూడదు." చుక్కలు పెట్టడానికి విడిగా ఒక కలం ఉండేది, మూత మీద దూది చుట్టి, ఆరిపోకుండా. అంత శుభ్రంగా, అంత పద్ధతిగా జరిగేది. దొంగతనమని ఎవరూ అనుకునేవాళ్ళు కారు, ఎవరి మటుకు వాళ్ళు తెలిసినవాళ్ళకి సాయం చేస్తున్నామనుకునేవాళ్ళు, తిలా పాపం తలా పిడికెడు. వ్రాతపరీక్షకి ఎనభై మార్కులు, ఇంటర్వ్యూకి ఇరవై. ఎనభై మార్కుల తలరాతని ఆ ఇరవైతో మార్చేసేవాళ్ళు. సీటొచ్చినవాళ్ళకి వచ్చిందని చెప్పేవాళ్ళు, రానివాళ్ళకి రాలేదని చెప్పేవాళ్ళు, ఎవరికి ఎన్ని వచ్చాయో మాత్రం ఏ ఒక్కరికీ చెప్పేవాళ్ళు కాదు. ఆ మొదటి నెలలోనే నేను మూడో అరలో నా ఏడాది పుస్తకం ఎక్కడుందో చూసుకున్నాను. దాని అట్ట రంగు కూడా గుర్తుపెట్టుకున్నాను. ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా తెరవలేదు, దుమ్ము దులిపేటప్పుడు దాని చుట్టూ దులిపి వదిలేసేదాన్ని.

రెండేళ్ళ కిందట కోర్టులో ఎవరో కేసు వేస్తే కమిటీ వేశారు, కమిటీకి పెద్దగా ఒక లాయరమ్మ వచ్చింది. పొట్టిమనిషి, పెద్ద సంచి. ఇంటర్వ్యూ మార్కులు తీసెయ్యండి అంది మొదటిరోజే. గదిలో పెద్దలంతా ఒక్కసారి దగ్గారు. రెండోరోజు, సీటు రానివాళ్ళకి ఎందుకు రాలేదో ఒక్కొక్కరికీ ఒక్క వాక్యం రాసివ్వండి అంది. మూడువేల మందికి ఎవరు రాస్తారమ్మా అని రిజిస్ట్రారుగారు నవ్వితే నేను వెనక కుర్చీలోంచి, నేను రాస్తానండీ అన్నాను. ఎవరు మాట్లాడారా అని అందరూ తిరిగి చూశారు, నేనూ తిరిగి చూశాను, నా వెనక గోడ తప్ప ఎవరూ లేరు. రాశాను కూడా. నా గదిలో ఇద్దరు గుమస్తాలం, రెండు నెలలు. కారణం రాయడానికి కూర్చుంటే తెలిసింది, రాయాలంటే ముందు కారణమనేది ఒకటి ఉండాలి. మొదటి వారంలోనే నూట పదిహేడు మంది కాగితాలు ఎంపిక చేసినవాళ్ళకే వెనక్కి పంపాం, వీళ్ళని ఎందుకు తీసేశారో మాకు తెలియడం లేదు, దయచేసి చెప్పండి అని. ఆ నూట పదిహేడులో తొమ్మిది మందికి సీట్లొచ్చాయి. నా ఉద్యోగంలో నేను కంటినిండా నిద్రపోయిన రోజులంటే అవే. లాయరమ్మ ఒకరోజు టీ తాగుతూ, మీకింత పట్టుదల ఎందుకండీ అనడిగింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఏం లేదండీ, ఊరికే, అని పైట సర్దుకున్నాను.

ఆ తర్వాత ఆవిడే అంది, పాత జాబితాలు కూడా గోడకెక్కించాలి, లభ్యమైనంత మేరకు, అని. సీటొచ్చినవాళ్ళవి పేర్లతో, రానివాళ్ళవి నంబర్లతో. లభ్యమైనంత అంటే ఎంత అంటే ఆ లెక్క నేనే తేల్చాలి, పుస్తకాలు నా గదిలోనివే కనక. వెతికితే పాతవాటిని చెదలు తినేశాయి. మూడో అరలో ఆరు పుస్తకాలు అట్టలు అట్టల్లాగే ఉన్నాయి, లోపల పిండి. చెదలు నమిలిన ఆఖరి పుస్తకం నా ఏడాదికి ముందుది. నాది ఒక్క పురుగు ముట్టలేదు. ఇంకో అంగుళం ముందుకొస్తే వాటి సొమ్మేం పోయిందో అని నిజంగానే తిట్టుకున్నాను. చెదల మీదికి తోసెయ్యడం ఎంత తేలికో అప్పుడే తోచింది, ఆరు పుస్తకాల పక్కన ఏడోది కూడా పోయిందంటే ఎవరు అడుగుతారు, పాపం చెదలు కోర్టుకెళ్ళవు కదా. మంగళవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకెళ్ళాక తలుపు వేసుకుని తెరిచాను. ముప్ఫై ఎనిమిదో వరసలో నా పేరు, అప్పటి నా ఇంటిపేరుతో. వ్రాతపరీక్ష డెబ్బై ఒకటి. ఇంటర్వ్యూ మూడు. మొత్తం డెబ్బై నాలుగు. చుక్క లేదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. పేజీ ఎత్తి వెలుతురుకి పట్టి చూశాను, సిరా వెలిసిపోయిందేమోనని. పై పేరుకి చుక్క ఉంది, కింద పేరుకి ఉంది, చిలకపచ్చగా నిన్న పెట్టినట్టు ఉన్నాయి. నాకు లేదు. ఆ ఏడాది డెబ్బై ఒకటి కంటే ఎక్కువ వచ్చినవాడు ఒక్కడే. ఇంటర్వ్యూలో నాకంటే తక్కువ వచ్చినవాళ్ళు ఎవరూ లేరు.

అప్పుడు నాకేమనిపించిందో ఉన్నదున్నట్టు చెప్పాలంటే, సంతోషం అనిపించలేదు. కాళ్ళ కింద మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేకపోయినట్టయింది. ఆవిడ లేదు, ఆ కోలమొహం మనిషి, ఇన్నేళ్ళు నాతోపాటు ముసలిదైన మనిషి, ఒక్క పేజీతో లేకుండా పోయింది, బెంగగా కూడా అనిపించింది. తర్వాత నెమ్మదిగా కిందికి చదివాను. ఆవిడ ఉంది. నా వల్ల కాదు, అంతే. నలభయ్యో పేరు దాటాక, వ్రాతపరీక్షలో అరవై ఆరు, ఇంటర్వ్యూలో ఐదు వచ్చిన ఒకమ్మాయి, చుక్క లేదు, సీటు లేదు. ఆమె సీట్లో యాభై నాలుగుకి ఇరవై కలిపిన ఒక చుక్క కూర్చుంది. ఆమె పేరు పుస్తకంలో చూశాను, గోడ మీద మాత్రం నంబరే ఉంటుంది. ఆ పేరుకి నేనిచ్చిన మొహం నప్పలేదు. ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్తే పళ్ళసెట్టు పక్కన పెట్టి ముందు పెద్దగా నవ్వాడు, తర్వాత, "మీ మావయ్యకి చెప్తావా?" అన్నాడు. అదీ అసలు ప్రశ్న. షాపు పోయింది, అత్తయ్య పోయింది, చూపు సూదిలో దారం ఎక్కించే పాటి లేదు, ఆయనకి మిగిలింది ఈ ఒక్క కథ. దాన్ని తీసుకెళ్ళి వరండాలో అందరూ చూస్తుండగా చింపడానికి నా చేతులు రావడం లేదు. అలాగని ఎవరి కాగితాలనూ దాచొద్దని రెండేళ్ళు పోట్లాడిన మనిషిని, నాది ఒక్కటీ దాచుకుంటే రేపు లాయరమ్మ మొహం ఎలా చూడను? మంగళవారం నుంచి ఇదే రుబ్బుతున్నాను. నిన్న రాత్రి మావయ్యే ఫోన్ చేశాడు, రేపు నేనూ వస్తానే అని. సిఫార్సులన్నీ బయటపెడుతున్నారట కదా అని మా అమ్మాయి సరదాకి చెప్పిందట. తన పేరు గోడ మీద చూసుకోవాలని ముచ్చట పడుతున్నాడు కాబోలు అనుకుని ఫోన్ పెట్టేశాను.

బస్సు వంతెన దిగి ఆస్పత్రి స్టాపులో ఆగింది, సగం మంది దిగిపోయారు, ఎండ కాస్త ఇటు తిరిగింది. మామూలుగా అయితే ఈపాటికి మావయ్య కండక్టరు చొక్కా కాలరు గురించి మాట్లాడి ఉండాలి, ముందు సీటు వాళ్ళకి ప్రొఫెసరు కోటు కొలతలు చెప్పి ఉండాలి. ఇవాళ కోటు గుండీ ఒకటి పెట్టుకుంటున్నాడు, తీసేస్తున్నాడు. పక్క వరసలో ఒకావిడ, పక్కన కూతురు, కూతురి ఒళ్ళో మా యూనివర్సిటీ అప్లికేషను. నాకు ఆ కాగితం రంగు చూస్తే చాలు, ప్రాణం లేచొస్తుంది, ఈ ఏడాది దాన్ని నేనే రాశాను, ఆరు పేజీల్ని రెండు చేశాను. ఆ పిల్ల రాస్తూ రాస్తూ ఎక్కడో ఆగింది, వాళ్ళమ్మని ఏదో అడిగింది. "ఏదో ఒకటి రాసెయ్యవే," అందావిడ, ఊళ్ళో ఎండ గురించి మాట్లాడినంత మామూలుగా, "కావాల్సినవాళ్ళ పేర్లు ఎప్పుడో ఎక్కేసి ఉంటాయి. మనకెవరున్నారక్కడ?" ఆ పిల్ల కలానికి మూత పెట్టేసింది. నేను నోరు తెరవబోయాను, అమ్మా అలా కాదండీ, ఈ ఏడాది పద్ధతి మారింది, అని రెండు పేజీలూ చదివి వినిపించడానికి. కానీ నా ముంజేతి మీద మావయ్య చెయ్యి పడింది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"అమ్మడూ, నేను చెప్పలేదే."

"ఏం చెప్పలేదు మావయ్యా?"

"నీ సీటు సంగతి. ఆ ప్రొఫెసరు మన షాపుకి రానేలేదు. పాత కోటొకటి కొలతకని నౌకరు చేత పంపించాడు. నౌకరుకేం చెప్తాను?"

తెలుసు అందామనుకున్నాను. పోనీ ఇంటికెళ్ళి చెప్పకపోయావా అన్నాను, ఏదో ఒకటి అనాలి కనక. "వెళ్ళాను," అన్నాడు. "గేటు దాకా వెళ్ళాను. కుక్క ఉంది." కోటు గుండీ తీస్తూ, "కట్టేసే ఉందిలే," అన్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, నా వైపు చూడటం లేదు. మరైతే ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పావు మావయ్యా, అని మెల్లగానే అడిగాను. అప్పుడు ఇటు తిరిగాడు.

"చెప్పడం చెప్పానే. అక్కడ కాదు, మీ నాన్నకి చెప్పాను. సోమవారం నీ పరీక్ష, అదే సోమవారం నుంచి నువ్వు గుడ్డల షాపులో కౌంటరు మీద కూర్చోవాలని మీ నాన్న మాట ఇచ్చేసి వచ్చాడు. ఆదివారం సాయంత్రం వెళ్ళి అడిగితే, మనకెవరున్నారక్కడ, పిల్లకి ఆశ పెట్టడం ఎందుకు అన్నాడు. ఇదిగో, ఈవిడ అన్నట్టే. నేనున్నాను బావా అన్నాను. ప్రొఫెసరుతో మాటైపోయింది, సీటు ఖాయం, ఇప్పుడు పిల్ల పరీక్షకి రాకపోతే ఆయన ముందు నా పరువేం కావాలి అని గడ్డం పట్టుకున్నాను. మీ నాన్న నిన్ను పంపింది నీ చదువు కోసం కాదే పిచ్చిదానా. నా పరువు కోసం పంపాడు."

మా నాన్న ఆ సోమవారం పొద్దున నన్ను తనే సైకిలు మీద దింపాడు. గేటు దగ్గర దిగాక, మీ మావయ్య మాట పోనివ్వకు అన్నాడు. బాగా రాయి అనలేదు, ఆ ముక్కే అన్నాడు. నేను ఇన్నాళ్ళూ దాన్ని వేరేగా అర్థం చేసుకున్నాను. నాకు కోపం వచ్చింది, నిజంగానే వచ్చింది, కిటికీలోంచి దూకెయ్యాలన్నంత. బావ ఉన్నన్నాళ్ళు ఎలా చెప్తానే అంటున్నాడు, పోయాక చెబుదామనే అనుకున్నాను, అప్పటికి ఆ కథ నాకే అలవాటైపోయింది, నువ్వు లేచి మంచినీళ్ళిస్తుంటే బావుండేది, అంటున్నాడు. బావుండేదట. "నేను దొంగసొత్తు మీద కూర్చున్నట్టు బతికాను మావయ్యా," అన్నాను, గొంతు పెద్దదయింది, పక్క వరసలో తల్లీ కూతురూ ఇటు చూశారు. "ఇంకొకరి సీటు కొట్టేశాననుకున్నాను. ముప్ఫై ఆరేళ్ళు." ఆయన మొహం ఎలా అయిపోయిందంటే, బట్ట కత్తిరించాక కొలత తప్పని తెలిసినప్పుడు అలా అయ్యేది. "అదేంటే," అన్నాడు. "నువ్వు తెలివైనదానివని నీకు తెలుసనుకున్నాను. నీ మార్కులు నీకు తెలియవూ?" అప్పట్లో చెప్పేవాళ్ళు కాదు మావయ్యా అన్నాను. "చెప్పరా?" "ఎవరికీ చెప్పేవాళ్ళు కాదు." "అయ్యో," అన్నాడు, "అది తెలిస్తే నోరు మూసుకుందును కదే." ఇంక అక్కడ కోపం నిలవలేదు. ఒక్కసారిగా పోలేదు గానీ, పాలపొంగు మీద నీళ్ళు చల్లినట్టు కూర్చుండిపోయింది. మరి ఇవాళ ఎందుకు బయల్దేరావు అన్నాను. సిఫార్సు చేసినవాళ్ళంతా బయటపడతారని పిల్ల చెప్పిందిగా, అన్నాడు. తను నలుగురికీ చెప్పుకు తిరిగిన మాట విని ఎవడైనా పుస్తకంలో ఎక్కించి ఉంటే నా పేరుకి మచ్చ, అది తను దగ్గరుండి కాదని చెప్పాలి, అందుకని రాత్రంతా నిద్రపోకుండా కోటు ఇస్త్రీ చేసుకున్నాడట. ఈ మనిషి పరువు పోతుందని నేను మంగళవారం నుంచి తిండి మానేశాను, నా పరువు పోతుందని ఈయన నిద్ర మానేశాడు.

మా స్టాపులో దిగేటప్పటికి పదీ నలభై. గేటు నుంచి వరండా దాకా నడుస్తూ ఆయన చెయ్యి పట్టుకుని నా మార్కులు చెప్పాను. డెబ్బై ఒకటి అనగానే ఆగి, ఎన్నింటికి అన్నాడు. ఎనభైకి. మళ్ళీ నడిచాడు, మళ్ళీ ఆగాడు, మళ్ళీ ఎన్నింటికి అని అడిగాడు, వినపడక కాదు. ఇంటర్వ్యూలో మాత్రం ఇరవైకి మూడు అన్నాను. "మూడా? ఎవడేశాడు మూడు?" అన్నాడు వరండా అదిరేలా. "తెలిస్తే చంక దగ్గర ఒక అరంగుళం బిగించి పంపేవాణ్ణి వెధవకి, జన్మలో చెయ్యెత్తకుండా." లోపల గుమస్తా పిల్ల జిగురు డబ్బా పట్టుకుని నాకోసం చూస్తోంది, గుడ్డ అంచు ఎత్తి ఖాళీ చోటు చూపించి, పెట్టాలా వద్దా మేడం అంది. సంచిలోంచి చుట్ట తీశాను, రబ్బరుబ్యాండు తీశాను. మేమిద్దరం అంటిస్తుంటే మావయ్య వెనక నిలబడి, కుడిపక్క కిందికి జారింది, బెత్తెడు పైకి, ఇంకొంచెం, ఆఁ, అంటూ సరిచేయించాడు. ముప్ఫై ఆరు కాగితాల్లో చక్కగా తిన్నగా ఉన్నది అదొక్కటే. పదకొండింటికి లాయరమ్మ వచ్చింది, గుడ్డ లాగింది, ప్రసంగం చెయ్యలేదు, చూసుకోండి అంది, అంతే. జనం గోడ మీద పడ్డారు. ఎవరి ఏడాది వాళ్ళు, కొందరు ఏడ్చారు, ఒకాయన నవ్వుతూ నవ్వుతూ కూర్చుండిపోయాడు, నేను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను, కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి, ఆకలేసింది. అప్లికేషను ఇవ్వడానికి వచ్చిన బస్సులో తల్లీ కూతురూ గోడ చివర, ఇదంతా ఏమిటో తెలియక నిలబడి ఉన్నారు. మావయ్య జనంలోంచి వాళ్ళని రమ్మని పిలిచాడు. మొదటి కాగితం దగ్గర వేలితో కిందికి కిందికి వెతికి, ముప్ఫై ఎనిమిదో వరస మీద ఆపాడు.

"ఇదిగో, మా అక్క కూతురు. డెబ్బై ఒకటి. దీని కోసం ఎవరూ చెప్పలేదమ్మా," అన్నాడు మావయ్య ఆ తల్లితో, అందరికీ వినపడేలా. "కావాలంటే నన్నడుగు. చెప్పాల్సినవాణ్ణి నేనే."